వాని ఆమెన్ పొడుగు

పోయిన వారం దోర్కాను ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర స్కూటీ మీద కూర్చోబెట్టి, మనం మన దారిన వచ్చేశాం. ఏం చేస్తాం, పేజీ అయిపోయింది. పాపం ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. పిల్ల అంటే నలభై ఏళ్ల మనిషే, ఒక మందుల కంపెనీ ల్యాబులో సీనియర్, ఇద్దరు బిడ్డల తల్లి. అయినా తండ్రిని నిలదీయడానికి పోతున్న మనిషి ఎంత పెద్దదైనా పిల్లే కదా!

సంగతి మరిచిపోయిన వాళ్ల కోసం మళ్లీ చెబుతాను. పోయిన శనివారం పొద్దున నాచారంలోని పుట్టింట్లో, తండ్రి శామ్యూల్ బీపీ గోళీలు తేవడానికి బయటికి పోయిన సందు చూసి, దోర్కా ఆయన ఇంట్లో పెట్టుకున్న హ్యామ్ రేడియో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుంది. తండ్రీకూతుళ్లిద్దరికీ లైసెన్సు ఉంది, ఇద్దరికీ మోర్స్ కోడ్ పిచ్చి ఉంది. కాకినాడ నుంచి కుమార్ అనే ఆయనెవరో పలికాడు. ఈమె తన పేరూ ఊరూ కొట్టింది. దోర్కా, నాచారం. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి. శామ్యూల్ మా నాన్న. అంతే, సిగ్నల్ పలచబడి మాయమైంది.

తండ్రి పేరు దోర్కా చెప్పనేలేదు. శామ్యూల్‌కు ఈమె ఒక్కతే సంతానం. మరి కాకినాడలో ఈ కొడుకు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు? శామ్యూల్ పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైన మనిషి. దోర్కా చిన్నప్పుడు తుఫాను డ్యూటీ అని నెలల తరబడి కోస్తాలో ఉండి వచ్చాడు. ఆ కథలు చెప్పుకుని ఇంట్లో ఎంత మురిసిపోయేవాళ్లో! ఇప్పుడు అవే కథల్లో దోర్కా తేదీలు లెక్కపెడుతోంది. తండ్రి మీద నమ్మకం పోతే ఈ మనిషికి మిగిలేది పెద్దగా ఏమీ లేదు.

లైటు పచ్చబడింది. వెనక ఆటోవాడు హారన్ మీద పడి ఏడ్చాడు. దోర్కా బండి కదిలించింది. ఇండస్ట్రియల్ ఏరియా లారీల నడుమ నుంచి సందు చేసుకుంటూ, చర్చి వెనక గల్లీలోకి తిరిగి, పుట్టింటి గేటు ముందు స్టాండు వేసింది.

గడప మీద తల్లి విక్టోరియా పుంటికూర తెంపుతోంది.

"ఒక్కదానివే వచ్చినవేందే? పోరగాండ్లేరి?"

"ట్యూషన్‌కు పోయిన్రు మమ్మీ. డాడీ ఏడి?"

"ఇంకేడుంటడు, మీదనే. కొమురెల్లన్న లుంగీ ఆరేసి వైరు తెంపిండని వారం సంది ఒక్కటే లొల్లి. ఇయ్యాల పొద్దుగాలే అతికిచ్చిండు. చాయ్ తాగి పో."

"వద్దు మమ్మీ."

చాయ్ వద్దన్న కూతురిని విక్టోరియా ఎగాదిగా చూసింది. దోర్కా ఆ చూపుకు దొరక్కుండా మెట్లెక్కేసింది. తల్లికి ఈ సంగతి తెలియకూడదు. వారం రోజులుగా ఆమె ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

మేడ మీద ఒకే గది. బయట వాటర్ ట్యాంకు నుంచి పక్కింటి కొమురెల్లి పిట్టగోడ దాకా యాంటెన్నా వైరు. అది బట్టలారేసే తీగ కాదని ఆయనకు ఎన్నేళ్లు చెప్పినా ఎక్కదు. లోపల శామ్యూల్ సెట్టు ముందు కూర్చుని, మోర్స్ కొట్టే కీని చిన్న బట్టతో తుడుస్తున్నాడు. డెబ్బై దాటాయి, మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడు. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కాయే.

"డాడీ, నీకు కాకినాడల ఎవరున్నరు?"

"కాకినాడల కాజాలుంటయ్ బిడ్డా."

"మజాక్ గాదు డాడీ."

ఆ గొంతు విని శామ్యూల్ బట్ట పక్కన పెట్టాడు. దోర్కా తలుపు దగ్గరగా వేసింది. నిలబడే చెప్పుకొచ్చింది మొత్తం. కుమార్ అన్నవాడు పలికిన సంగతి, తన పేరు విని ఆగిపోయిన సంగతి, చివరికి వాడన్న మాట. "ఇంట్ల ఎవరికీ తెల్వదు. మమ్మీకైతే అస్సలు తెల్వనియ్య. నాకు మాత్రం నిజం జెప్పు" అంది.

శామ్యూల్ కోపం తెచ్చుకోలేదు. నవ్వనూ లేదు. "రికార్డు జేసినవా?" అని అడిగాడు.

చేసింది. ప్రాక్టీసు కోసమని ఎప్పుడూ ఫోన్‌లో రికార్డు చేసుకుంటుంది. ఫోన్ బల్ల మీద పెట్టి మొదటి నుంచి నొక్కింది. శామ్యూల్ కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి విన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మీకు ఈ తండ్రీకూతుళ్ల గొడవ అర్థం కాదు. మోర్స్ అంటే చుక్కలూ గీతలూ అనుకుంటారు అందరూ. శామ్యూల్ ఒప్పుకోడు. చుక్కలూ గీతలూ ఎవడైనా కొడతాడు, ఖాళీ కొట్టడమే విద్య అంటాడు. చుక్క ఒక మాత్ర, గీత మూడు మాత్రలు. అక్షరానికీ అక్షరానికీ నడుమ మూడు మాత్రల మౌనం. మాటకూ మాటకూ నడుమ ఏడు మాత్రల మౌనం. ఈ మౌనాలను కొలవడానికి ఆయన కూతురికి చిన్నప్పుడు ఒక ఉపాయం నేర్పాడు. అక్షరం అయ్యాక మనసులో టక్కున ఆమెన్ అనుకోవాలి. మాట అయ్యాక హల్లెలూయా అనుకోవాలి. అని చూడండి కావాలంటే, హల్లెలూయాకు సరిగ్గా ఏడు మాత్రలు పడతాయి. పాస్టరుగారికి ఈ సంగతి తెలిస్తే ఏమంటాడో గాని, ఆ ఇంట్లో మోర్స్ నడిచేది ఈ రెండు మాటల మీదే.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఖాళీని తప్పు వింటుందా?

"మా అన్నడు. నడుమల హల్లెలూయా పట్టింది. తర్వాత నాన్న అన్నడు" అంది దోర్కా. "వారం సంది విన్నదే వింటున్న డాడీ. పండుకున్నా అదే, ల్యాబుల అదే."

"మన దిక్కు నాన్న అని ఎవడంటడే? నాయిన అంటరు, బాపు అంటరు. నువ్వు డాడీ అంటవ్."

"కాకినాడోళ్లు అంటరు గద!"

శామ్యూల్ ఫోన్ తీసుకుని, తెర మీది గీతను వేలితో వెనక్కి జరిపి, మళ్లీ పెట్టాడు. ఊరు పేరు దగ్గర ఆపాడు.

"గిది విను. కాకి అని కొట్టి ఎంతసేపు ఆగిండు సూడు. తర్వాత నాడ అన్నడు. గక్కడ గూడా నీ లెక్క ప్రకారం హల్లెలూయానే. మరి వానిది కాకి నాడ అని రాసుకున్నవా? కాకి ఏడికెళ్లి ఎగిరొచ్చింది?"

దోర్కాకు నవ్వు రాబోయి ఆగింది. నిజమే. ఊరు తెలిసిన పేరు కాబట్టి చెవి దాన్ని కలిపేసుకుంది. చెవి పాడుగాను, కావలసిన చోట కలుపుతుంది, భయమున్న చోట విరుస్తుంది.

"శామ్యూల్ గూడా అంతే, నడుమకు విరిచిండు" అన్నాడు శామ్యూల్. "మాట సగంల ఊపిరి తీసుకుంటడు. అది ఖాళీ గాదు, కొట్టెటోని చెయ్యి వాటం. మా, నాన్న గాదు బిడ్డా. కలిపి సదువు. మనన్న."

ఎమ్, ఏ, ఎన్, ఏ, ఎన్, ఎన్, ఏ. దోర్కా పెదాలు కదిపింది. కలిపితే మనన్న. మన అన్న. అక్షరాలు అవే, ఒక్కటీ మారలేదు. కానీ ఆమె ఊరికే ఒప్పుకునే రకం కాదు, ల్యాబులో పనిచేసే మనిషి.

"గంత పొడుగు ఆమెన్ ఎవనికన్నా ఉంటదా?"

"వాని ఆమెన్ ఎప్పుడూ పొడుగే."

అనేశాడు. అనేసి, కీ మీద ఉన్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

దోర్కా స్టూలు లాక్కుని తండ్రికి ఎదురుగా కూర్చుంది.

"ఎప్పుడూ అంటే? ఎవరు డాడీ వాడు?"

"జీవన్" అన్నాడు శామ్యూల్. ఆ పేరు పలికి ఎన్నేళ్లైందో ఆయన నోటికే కొత్తగా తగిలినట్టుంది. ఇంకోసారి అన్నాడు. "జీవన్ కుమార్. నా తమ్ముడు."

తండ్రికి తోడబుట్టింది ఒక్క చెల్లెలే అనే దోర్కాకు తెలుసు. ఆ మేనత్త పేరే తనకు పెట్టారు. కింద హాలులో రెండు జడల ఫోటో ఉంటుంది. పెండ్లి కాకముందే కామెర్లతో పోయింది. తమ్ముడన్న మాట ఈ ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు.

"మేం ఇద్దరం గాదు బిడ్డా, ముగ్గురం" అని మొదలుపెట్టాడు శామ్యూల్.

జనగామ పక్క ఊళ్లో వాళ్ల నాయన సువార్త చెప్పే మనిషి. శామ్యూల్ పోలీసు వైర్‌లెస్ ట్రైనింగులో ఉండగా సెలవులకు వచ్చినప్పుడల్లా తమ్ముడికీ చెల్లెలికీ మోర్స్ నేర్పేవాడు. ఊళ్లో మెషీను ఎక్కడిది? చర్చి హార్మోనియం ఉంది. ఒకరు గాలి కొడితే ఒకరు ఒకే మెట్టు నొక్కేవాళ్లు, చుక్కకు పొట్టిగా, గీతకు పొడుగ్గా. ఆమెన్లూ హల్లెలూయాలూ అక్కడ పుట్టినవే. చిన్నది దోర్కా అందరికంటే చక్కగా కొట్టేది. జీవన్‌దే తకరారు. ఆరాధనలో ఊరంతా ఆమెన్ అని కూర్చున్నాక కూడా వాడిది ఇంకా సాగుతూనే ఉండేది. హార్మోనియం మీదా అంతే. నాయన వాణ్ని బైబిల్ ట్రైనింగుకు పొమ్మన్నాడు. వాడు ఓడల్లో వైర్‌లెస్ పనికి పోతానన్నాడు. మాటా మాటా పెరిగింది. వాడు పెట్టె తీసుకుని పోయాడు. ఈ ఇంట్లో వాని పేరు వినబడొద్దని నాయన హుకుం చేశాడు.

"తాత పోయి ఎన్నేండ్లాయె! ఇంకా హుకుమేంది డాడీ?"

"అలవాటైపోయింది బిడ్డా. పేరు ఎత్తకుంట ఎత్తకుంట, ఎత్తబుద్ధి గాకపాయె."

"ఫోన్లొచ్చినయ్, ఫేస్‌బుక్కులొచ్చినయ్. ఎన్నడన్నా వెతికినవా?"

"వెతికిన. జీవన్ కుమార్ అని కొడితే ఊరికొకడు వచ్చిండు. వానిది మొఖం గుర్తు లేదాయె, చెయ్యి గుర్తుండె. చెయ్యిని ఏడ వెతుకుత?"

దోర్కాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. వారం రోజులు ఈ మనిషిని ఎన్నెన్ని మాటలు అనుకుంది మనసులో! లేని సవతి తమ్ముడికి వయసు కట్టింది, మొఖం గీసింది, తల్లిని ఊరడించడానికి మాటలు కూడా వెతికి పెట్టుకుంది. తండ్రి చెయ్యి పట్టుకుంది. "సారీ డాడీ" అంది. ఆయన ఆ చేతిని తట్టి వదిలేశాడు.

తలుపు తోసుకుని విక్టోరియా వచ్చింది, చేతిలో రెండు చాయ్ గ్లాసులు.

"జీవన్ మాట ఇనొచ్చింది" అంది. "దొరికిండా?"

"నీకు తెలుసా మమ్మీ?" దోర్కా నోరు తెరిచింది.

"పెండ్లప్పుడే జెప్పిండు మీ డాడీ. నాకు తెల్వకుంట గుసగుసలు పెట్టుకోనీకి మస్తు తెలివైనోళ్లు మీరు!"

గ్లాసులు బల్ల మీద పెట్టి ఆమె అక్కడే నిలబడిపోయింది. కథ ఇక్కడితో సుఖంగా ముగిసేదే, శామ్యూల్ ఆ రికార్డును చివరి దాకా వినకపోయి ఉంటే. ఆయనది పాత ఉద్యోగపు చెవి, తోక కూడా వదలదు. ఫోన్ మళ్లీ నొక్కి, సిగ్నల్ సన్నబడి హోరులో కలిసిపోయే చోట వేలు పైకెత్తాడు.

"ఆఖరికి ఒకటుంది. విన్నవా?"

రెండు చుక్కలు, రెండు గీతలు, రెండు చుక్కలు. వినీ వినబడనట్టు.

"ప్రశ్న గుర్తు" అంది దోర్కా. ఆమె అది పూర్తిగా జారవిడిచింది. "అంటే చెప్పలేదు, అడిగిండు. శామ్యూల్ మనన్నేనా అని అడిగిండు."

ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆమెకే ఏదో తప్పు తగిలింది. మళ్లీ అనుకుని చూసింది. మన. మా అన్న అనలేదు వాడు. మా అంటే నిన్ను వదిలేసినట్టు. మన అంటే నిన్ను కలుపుకున్నట్టు. తెలుగు తెలిసిన ఏ పిల్లవాడూ ఈ రెండింటి దగ్గర తడబడడు.

"డాడీ, మనన్న అన్నడు. నన్ను కలుపుకొని అన్నడు. నీకు తమ్ముడైతే నేను వానికి బిడ్డనైత గద, చెల్లెనెట్ల అయిత?"

శామ్యూల్ తల అడ్డంగా ఊపాడు.

"నిన్ను గాదు బిడ్డా."

"మరి?"

"పేరు ఏం కొట్టినవ్?"

దోర్కా అని కొట్టింది. నాచారమని కొట్టింది. ఈ దేశంలో దోర్కా అన్న పేరుతో, ఈ ఇంటి పద్ధతిలో ఆమెన్లు కొలుస్తూ మోర్స్ కొట్టే మనిషి ఆ కుమార్‌కు తెలిసి ఒక్కతే ఉంది. హార్మోనియానికి గాలి కొట్టిన చెల్లెలు. ఆమె పోయిందని వాడికి చెప్పడానికి ఆనాడు అడ్రస్ లేదు. ఆ తర్వాత చెప్పడానికి మనిషి లేడు.

"అయ్యో దేవా" అంది విక్టోరియా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "బతికే ఉన్నదనుకుంటుండా?"

వారం రోజులుగా దోర్కా ఒక్కతే బరువు మోస్తోంది అనుకున్నాం మనం. కాకినాడలో ఒక ముసలాయన ఈ వారమంతా చెల్లెలు దొరికిందని ఎంత సంబరపడ్డాడో! వైరు తెగిపోయి ఇక్కడ సెట్టు మూగపోతే, అక్కడ పొద్దున పూటల్లా పిలిచి పిలిచి ఉంటాడు.

శామ్యూల్ లేచి సెట్టు ఆన్ చేశాడు. పోయిన వారం కుమార్ దొరికిన చోటికి నాబ్ తిప్పి పెట్టాడు. హోరు వచ్చింది. ముగ్గురూ ఆ హోరునే వింటూ కూర్చున్నారు. చాయ్ మీద మీగడ కట్టింది.

వచ్చాడు. ముందు తన లైసెన్సు గుర్తైన కాల్‌సైన్, తర్వాత పేరు. దోర్. ఒక పొడుగాటి ఆమెన్. కా. మళ్లీ. దోర్. కా.

శామ్యూల్ కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. దోర్కా కుర్చీ ఆయన వైపు జరిపింది. "నువ్వు కొట్టు డాడీ. నీ చెయ్యి గుర్తుపడ్తడు."

"గుర్తుపడ్తడు. పట్టి అడిగేది ఒక్కటే, చెల్లె ఏదని. గా జవాబు నా చేత్తోని కొట్టలేను." ఆయన కీని కూతురి వైపు జరిపాడు. "నువ్వు అవునని కొట్టు. ముందు వాణ్ని ఇంటికి రానియ్. ఎదురుంగ కూసోబెట్టుకొని మెల్లగ నేను జెప్త. ఇప్పుడే లేదంటే మళ్ల వాడు దొరకడు."

"చచ్చిపోయిన మనిషి పేరు మీద అబద్ధమా?" విక్టోరియా గొంతు పెంచలేదు, కానీ కదలనూ లేదు. "రేపు ఆదివారం చర్చిల ప్రభువు బల్ల దగ్గర ఎట్ల నిలబడ్తరు ఇద్దరు? గడప తొక్కినంక తెలిస్తే వాడు మల్లొకసారి పోతడు. ఈసారి మనల్ని తిట్టుకుంట పోతడు."

"అబద్ధమెట్లయితది? దీని పేరు దోర్కానే గద!"

"వాడు అడిగేది పేరా?"

ఇద్దరిదీ న్యాయమే, అదే చిక్కు. దోర్కా తల్లిని చూసింది, తండ్రిని చూసింది. ఈ పేరు తనకు పెట్టిన రోజున ఎవరూ ఇంత దూరం ఆలోచించి ఉండరు.

స్పీకరులో కొత్త మాట మొదలైంది. సిగ్నల్ ఇవాళ శుభ్రంగా ఉంది, ఒక్క అక్షరం కూడా జారలేదు. దోర్కా చెల్లె. హోరు. నువ్వేనా. రెండు చుక్కలు, రెండు గీతలు, రెండు చుక్కలు. ఆ తర్వాత నీ వంతు అన్న గుర్తు కొట్టి వాడు ఆగాడు.

దోర్కా ఆ కుర్చీలో తనే కూర్చుంది. అవును అనాలంటే మొదట చుక్క పడాలి. కాదు అనాలంటే మొదట గీత పడాలి. వేలు దించడం రెండింటికీ ఒకటే. ఎప్పుడు ఎత్తుతామన్న దాంట్లోనే ఉంది తేడా అంతా. తండ్రి ఆమె వేలినే చూస్తున్నాడు. తల్లి కళ్లు మూసుకుంది.

దోర్కా కీ నొక్కింది.